ప్లాస్మిడ్ పెట్టినా ప్రోటీన్ సరిగా రావడం లేదు, ఖరీదైన రీఏజెంటు కొనాలా?

మీరు రాసిన దాని సారాంశం ఇది. తిరుపతిలో ఎంఎస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు చేస్తున్నారు. హెచ్‌ఈకే 293 అనే మానవ మూత్రపిండ కణాల్లోకి లిపిడ్ (కొవ్వు) రీఏజెంటుతో ప్లాస్మిడ్, అంటే జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ, పంపుతున్నారు. పచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీ ప్లాస్మిడ్ పెట్టిన వెల్‌లో (ప్లేటులోని గుంటలో) నూటికి 15 కణాలే పచ్చగా వెలుగుతున్నాయి. మీ సొంత జన్యువు పెట్టిన వెల్ నుంచి తీసిన నమూనాలో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) మీద గీత ఉందా లేదా అన్నట్టు ఉంది. డీఎన్‌ఏ రెట్టింపు చేస్తే కణాలు ఊడిపోయి తేలాయి. ఇక మూడు నెలలే మిగిలాయి, ఖరీదైన రీఏజెంటు కొనమంటారా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి: ప్లాస్మిడ్ కణంలోకి చేరుతోందా, చేరాక ప్రోటీన్ తయారవుతోందా. వాటిని విడదీస్తే ఖర్చు తగ్గుతుంది, మూడు నెలలూ సరిపోతాయి. ఇదే ఊళ్లో పీహెచ్‌డీ చేస్తూ ఈ రెండింటినీ విడదీయక నేను ఏడు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్లాస్మిడ్ ముందు కణపొర దాటాలి. ఎండోసోమ్ అనే సంచిలో చిక్కుకోకుండా బయటపడాలి. కేంద్రకంలోకి చేరాలి. అక్కడ ప్రమోటర్ (జన్యువును పని చేయించే డీఎన్‌ఏ భాగం) పనిచేసి ఆర్‌ఎన్‌ఏ తయారు కావాలి. దాన్ని రైబోజోమ్ సరైన చోట మొదలుపెట్టి చదవాలి. వచ్చిన ప్రోటీన్ సరిగా ముడుచుకుని, విరిగిపోకుండా నిలవాలి. మీ 15 శాతం అన్న లెక్క మొదటి మూడు మెట్లకు సంబంధించింది. గీత పలచగా ఉండటం అన్ని మెట్లకూ సంబంధించింది. అందుకే జీఎఫ్‌పీ వెల్‌ని మళ్లీ చూసి ఒక్క విషయం గమనించండి: ఆ వెలిగే 15 కణాలు ధగధగా వెలుగుతున్నాయా, మసకగానా? కొద్ది కణాలు చాలా ప్రకాశంగా ఉంటే ప్లాస్మిడ్ బాగానే పనిచేస్తోంది, చేరడమే తక్కువ. ఎక్కువ కణాలు మసకగా ఉంటే చేరుతోంది, లోపల పని జరగడం లేదు. ఈ తేడాను నోట్‌బుక్‌లో రాసుకోకుండా "15 శాతం" అని మాత్రమే రాసుకుంటే సగం సమాచారం పోయినట్టే.

నా కథకు వస్తాను. నాది గేదె పాలలో ఉండే లాక్టోఫెర్రిన్ జన్యువు. పాడికి పేరున్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఆ ప్రోటీన్ మీద ఆసక్తి పుట్టడం సహజమే. సుమారు 80 కిలోడాల్టన్ల ప్రోటీన్, ఇనుమును పట్టుకుంటుంది, కణం దాన్ని బయటికి స్రవిస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కణాలు నాకు బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో పనిచేసే స్నేహితురాలు ఇచ్చింది. టీ25 ఫ్లాస్కును మీడియంతో మూతి దాకా నింపి, మూత బిగించి, పారాఫిల్మ్ చుట్టి, రాత్రి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. అంచు దాకా నింపేది ఎందుకంటే, ఖాళీ ఉంటే మొగిలి ఘాట్ మలుపుల్లో మీడియం ఊగి, నురగ వచ్చి, కణాలు ఊడిపోతాయి. పలమనేరు, చిత్తూరు దాటి తెల్లవారేసరికి తిరుపతి చేరాను. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాలు చక్కగా అంటుకుని ఉన్నాయి. ఆ ఆనందంలో ఒక పరీక్ష చేయడం మరిచిపోయాను. దాని ఫలితమే ఆ ఏడు నెలల్లో నాలుగు.

జీఎఫ్‌పీ నూటికి పది, పన్నెండు దాటేది కాదు. రీఏజెంటు మార్చాను. డీఎన్‌ఏ పెంచాను, తగ్గించాను. సీరం మార్చాను. కొన్నిసార్లు 20 వచ్చేది, వారం తిరిగేసరికి 8కి పడేది. కణాలు చావడం లేదు, మీడియం మబ్బుపట్టడం లేదు, కాకపోతే రెండు రోజుల్లో నిండవలసిన ఫ్లాస్కుకు మూడున్నర రోజులు పట్టేది. అది ఎండల వల్ల, కరెంటు పోవడం వల్ల అనుకున్నాను. చివరికి పక్క విభాగంలోని ఒక మేడమ్ నా కణాలను చూసి, "హోక్స్ట్ రంగు వేసి చూశావా?" అని అడిగారు. డీఎన్‌ఏకు అంటుకుని నీలంగా వెలిగే రంగు అది. వేసి చూస్తే కేంద్రకం చుట్టూ, అసలు డీఎన్‌ఏ ఉండకూడని సైటోప్లాజమ్ నిండా, నీలిరంగు చుక్కలు. మైకోప్లాస్మా.

ఇది మామూలు బ్యాక్టీరియాలా పట్టుబడదు. దానికి కణకవచం లేదు కాబట్టి మనం మీడియంలో వేసే పెనిసిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. చాలా చిన్నది, మెత్తనిది కావడంతో 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా కూడా జారిపోగలదు. మీడియంలోని ఆహారాన్ని తింటుంది. దాని న్యూక్లియేజ్‌లు మనం పెట్టిన డీఎన్‌ఏను కత్తిరిస్తాయి. కణం ఎదుగుదల మందగిస్తుంది. విభజన చెందే సమయంలో కేంద్రక పొర కరిగినప్పుడే ప్లాస్మిడ్‌కు లోపలికి వెళ్లే దారి సులువవుతుంది కాబట్టి, నెమ్మదిగా పెరిగే కణాల్లో ట్రాన్స్‌ఫెక్షన్, అంటే ప్లాస్మిడ్‌ను లోపలికి పంపడం, ఎప్పుడూ తక్కువే. ఇలాంటి కణాల మీద ఎంత మంచి రీఏజెంటు పోసినా డబ్బు వృథా.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఇది. ట్రాన్స్‌ఫెక్షన్ చేయని మీ కణాలను కవర్ స్లిప్ మీద పెంచి, హోక్స్ట్ లేదా డాపి వేసి చూడండి. కుదిరితే మైకోప్లాస్మా పీసీఆర్ కూడా చేయండి. కణాలకు యాంటీబయాటిక్ లేని మీడియంలో కొన్ని రోజులు గడిచాక నమూనా తీస్తే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. మీ విభాగంలో ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు లేకపోతే వెనకాడకండి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, ఏర్పేడు వైపు ఐసర్, ఐఐటీ, ఇన్ని సంస్థలు ఒక్క ఊరి చుట్టూ ఉన్న చోట్లు మన రాష్ట్రంలో తక్కువ. మీ గైడ్ ద్వారా ఒక లేఖ రాయించుకుని అడగండి. కణాలను పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి స్లైడు తీసుకెళితే చాలు. జీఎఫ్‌పీ వెలుగు కూడా దానికి నిలుస్తుంది. మిథనాల్ మాత్రం వాడకండి, వెలుగు పోతుంది.

మైకోప్లాస్మా ఉందని తేలితే ఆ కణాలను కాపాడుకునే ప్రయత్నం చేయవద్దని నా గట్టి అభిప్రాయం. మందులు ఉన్నాయి, వారాలు పడతాయి, మీకు ఉన్నవి మూడు నెలలు. ఫ్లాస్కులన్నీ ఆటోక్లేవ్ చేసి పారేసి, ఇన్‌క్యుబేటర్ అంతా 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, నీళ్ల ట్రే మార్చి, పుణేలోని జాతీయ కణశాస్త్ర కేంద్రం లాంటి చోటి నుంచి కొత్త కణాలు తెప్పించుకోండి. నేను అలాగే చేశాను. కొత్త కణాలు నాలుగోసారి పాసేజ్ చేసిన (కొత్త ఫ్లాస్కులోకి మార్చిన) వారంలో, అదే పాత రీఏజెంటుతో, జీఎఫ్‌పీ నూటికి 60 దాటింది. ఆ రోజు ఆ చీకటి గదిలో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 15 కణాల్లో ప్రోటీన్ తయారై, 85 కణాల్లో తయారు కాకపోతే, బ్లాట్ గీతలో మీ ప్రోటీన్ ఆ 85 కణాల సొంత ప్రోటీన్లతో పలచబడుతుంది. 15ను 60 చేస్తే, జన్యువును ముట్టుకోకుండానే గీత సుమారు నాలుగు రెట్లు చిక్కబడాలి. అందుకే కణాల ఆరోగ్యం ముందు, ప్రమోటర్ మార్పిడి తర్వాత.

కణాలు శుభ్రంగా ఉన్నాయని తేలితే ప్లాస్మిడ్ తయారీని అనుమానించండి. మినీ ప్రెప్ కిట్‌తో (బ్యాక్టీరియా నుంచి కొద్ది మొత్తంలో) తీసింది సీక్వెన్సింగ్‌కు సరిపోతుంది, కణాలకు తరచుగా సరిపోదు. ప్లాస్మిడ్‌ను పెంచే ఈ. కోలై బ్యాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం కలిసి వస్తుంది. కొన్ని రకాల కణాలు దానికి తట్టుకోలేవు. డీఎన్‌ఏ శుద్ధతను చెప్పే కాంతి శోషణ నిష్పత్తి 260/280 1.8 దగ్గర ఉందని సంతోషించి ఆగిపోకండి, 260/230 కూడా చూడండి. అది 2 కంటే బాగా తక్కువగా ఉంటే లవణాలు మిగిలాయని అర్థం. మిడీ ప్రెప్‌తో తీసి, ఆల్కహాల్‌తో మరోసారి కడిగి, జెల్ మీద నడపండి. ఎక్కువ భాగం సూపర్‌కాయిల్డ్ (తెగకుండా బిగుతుగా మెలిపడిన ప్లాస్మిడ్) గీతలో ఉండాలి. మీ జీఎఫ్‌పీ ప్లాస్మిడ్‌ను, మీ జన్యువు ప్లాస్మిడ్‌ను ఒకే రోజు, ఒకే పద్ధతిలో తీయండి. లేకపోతే రెండింటినీ పోల్చే అర్హత ఉండదు.

పరిమాణాల విషయం త్వరగా చెబుతాను. కణాలను ముందు రోజు సాయంత్రం పరచండి, మర్నాడు ఉదయానికి 70 నుంచి 80 శాతం నిండాలి. పరిచాక ప్లేటును గుండ్రంగా తిప్పకండి, కణాలన్నీ మధ్యకు చేరతాయి. ముందుకు వెనకకు, తర్వాత పక్కలకు కదపండి. 24 వెల్ ప్లేటు తీసుకుని ఒక్కో వెల్‌కు డీఎన్‌ఏ 250, 500, 750 నానోగ్రాములు, ప్రతి దానికీ రీఏజెంటు రెండు రెట్లు, మూడు రెట్లు, ఇలా జీఎఫ్‌పీతో ఒక్క రోజులో చూసేయండి. డీఎన్‌ఏ, లిపిడ్ కలిపే ద్రవంలో సీరం ఉండకూడదు. డీఎన్‌ఏ రెట్టింపు చేసినప్పుడు మీ కణాలు తేలడానికి కారణం అందులోని రెట్టింపు లిపిడ్, రెట్టింపు కల్మషం కూడా కావచ్చు.

మన ఊరికి సంబంధించి ఒక మాట. ప్రోటోకాల్‌లో "గది ఉష్ణోగ్రత వద్ద 15 నిమిషాలు" అని ఉంటుంది. అది 20 నుంచి 25 డిగ్రీలని ఉద్దేశించి రాసింది. మే నెలలో ఏసీ ఆగిపోయిన తిరుపతి గది 38 డిగ్రీలు ఉంటుంది, అక్కడ లిపిడ్ ముద్దలు త్వరగా పెద్దవైపోతాయి. నేను థర్మామీటరు బల్ల మీద పెట్టుకుని, ఎండాకాలంలో ఆ పనిని ఉదయం ఏడున్నరకే ముగించేదాన్ని. కరెంటు పోతే ఇన్‌క్యుబేటర్ తలుపు తెరవకండి. మీడియం ఊదా రంగుకు తిరిగిందంటే కార్బన్ డయాక్సైడ్ పడిపోయిందని గుర్తు, ఆ రోజు ట్రాన్స్‌ఫెక్షన్ వాయిదా వేయండి. ఇంకొకటి, లిపిడ్ రీఏజెంటు ఉండవలసింది 4 డిగ్రీల దగ్గర. ఎవరైనా మంచి ఉద్దేశంతో దాన్ని మైనస్ 20లో పెట్టి ఉంటే ఆ సీసాను నమ్మకండి.

ఇక రెండో ప్రశ్న. జీఎఫ్‌పీ బాగా వెలిగి, మీ ప్రోటీన్ మాత్రం రాకపోతే? నాకు సరిగ్గా అదే జరిగింది. కొత్త కణాల్లో జీఎఫ్‌పీ 60 శాతం, లాక్టోఫెర్రిన్ శూన్యం.

ముందు ఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో చూద్దామని, దాన్ని డీఎన్‌ఏగా మార్చి కొలిచే క్యూపీసీఆర్ చేశాను. సంకేతం బ్రహ్మాండంగా వచ్చింది. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టంలో కూడా దాదాపు అంతే వచ్చింది. అంటే నేను కొలిచింది ఆర్‌ఎన్‌ఏని కాదు, కణాల మీద అంటుకుని మిగిలిన ప్లాస్మిడ్‌ను. ట్రాన్స్‌ఫెక్షన్ చేసిన కణాలలో ఈ పొరపాటు చాలా సులువు, ఎందుకంటే వెల్‌లో కోట్ల కొద్దీ ప్లాస్మిడ్ ప్రతులు ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏజ్‌తో (డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైమ్‌తో) శుభ్రం చేయండి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టం ప్రతిసారీ పెట్టండి. ఆ ఎంజైమ్ వేసిన, వేయని గొట్టాల మధ్య పీసీఆర్ చక్రాల తేడా బాగా ఉంటేనే ఆ సంఖ్యను నమ్మండి. శుభ్రం చేశాక నాకు ఆర్‌ఎన్‌ఏ నిజంగానే ఉందని తేలింది. అంటే ప్రమోటర్ దోషం కాదు. సీఎంవీ ప్రమోటర్‌ను మార్చి ఈఎఫ్1ఆల్ఫా అనే మరో ప్రమోటర్ పెట్టాలని అప్పటికే ప్రైమర్లు ఆర్డరు చేయబోతున్నాను, ఆపేశాను. మీకూ ఇదే చెబుతాను: హెచ్‌ఈకేలో రెండు మూడు రోజుల పనికి సీఎంవీ చాలా బలమైనది. వారాల తరబడి నిలవాలంటేనో, మూలకణాల వంటి వాటిలోనో అది మెథిలేషన్‌తో (డీఎన్‌ఏ మీద మిథైల్ గుంపులు చేరడంతో) మూగబోతుంది, అప్పుడు ఈఎఫ్1ఆల్ఫా మేలు.

ఆర్‌ఎన్‌ఏ ఉండి ప్రోటీన్ లేకపోతే చూడవలసింది ప్రోటీన్ మొదలయ్యే చోటును చెప్పే ఏటీజీ అనే మూడక్షరాల ముందున్న అక్షరాలు. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ మీద నడుస్తూ వచ్చి ఏటీజీ దగ్గర ఆగాలంటే దాని చుట్టూ అనుకూలమైన అక్షరాలు ఉండాలి. దాన్నే కొజాక్ వరుస అంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏటీజీకి మూడు అక్షరాల ముందు స్థానం. అక్కడ ఏ గానీ జీ గానీ ఉండాలి. నేను ఈకోఆర్1 అనే ఎంజైమ్ డీఎన్‌ఏను కత్తిరించే చోటు పెట్టి, దాని వెంటనే ఏటీజీ వచ్చేలా ప్రైమరు రాసుకున్నాను. ఈకోఆర్1 గుర్తించే వరుస జీఏఏటీటీసీ. వెనక నుంచి లెక్కపెట్టండి: సీ, టీ, టీ. మూడో స్థానంలో టీ పడింది. బామ్‌హెచ్1 అనే మరో కత్తిరింపు ఎంజైమ్ చోటు తర్వాత వెంటనే ఏటీజీ పెట్టినా మూడో స్థానంలో టీనే పడుతుంది. రైబోజోమ్‌లలో చాలా భాగం అక్కడ ఆగకుండా దాటిపోయి, కింద ఎక్కడో ఉన్న మరో ఏటీజీ దగ్గర మొదలుపెడతాయి. మీ ప్లాస్మిడ్ మ్యాప్ తెరిచి ఇప్పుడే చూడండి. టీ గానీ సీ గానీ ఉంటే, కొత్త ప్రైమరులో కత్తిరింపు చోటుకూ ఏటీజీకీ మధ్య జీసీసీఏసీసీ అనే ఆరు అక్షరాలు చేర్చండి. ఒక ప్రైమరు ధర, ఒక వారం పని. ఖరీదైన రీఏజెంటు సీసాతో పోలిస్తే ఇది ఏపాటి? ఏటీజీ తర్వాతి అక్షరం జీ అయితే ఇంకా మంచిదే, కానీ దాని కోసం రెండో అమైనో ఆమ్లాన్ని మార్చవద్దు.

నాది అక్కడితో అయిపోలేదు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ అవసరం. లాక్టోఫెర్రిన్ మొదటి 19 అమైనో ఆమ్లాలు సిగ్నల్ పెప్టైడ్. ప్రోటీన్‌ను కణం బయటికి పంపే చీటీ అది. నేను యాంటీబాడీతో సులువుగా గుర్తించడానికి ఫ్లాగ్ ట్యాగ్ అనే చిన్న గుర్తును సరిగ్గా దాని ముందు పెట్టాను. సిగ్నల్ పెప్టైడ్ పనిచేస్తే అది కత్తిరించబడి, దానితో పాటు ట్యాగ్ కూడా పోతుంది. పనిచేయకపోతే ప్రోటీన్ తప్పు చోట ఉండి నాశనమవుతుంది. ఎటు చూసినా నా యాంటీబాడీకి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ట్యాగ్‌ను చివరికి మార్చాను. ఇంకో తప్పు, నేను వెతికింది కణాలను పగలగొట్టిన ద్రవంలో. స్రవించే ప్రోటీన్ ఉండేది మీడియంలో. పది శాతం సీరం ఉన్న మీడియంలో 66 కిలోడాల్టన్ల అల్బుమిన్ జెల్ వరుసనంతా ఉబ్బించేస్తుంది కాబట్టి, ట్రాన్స్‌ఫెక్షన్ అయిన ఆరు గంటలకు సీరం లేని మీడియం పెట్టి, 48 గంటలకు దాన్ని తీసి, వడపోత గొట్టంలో తిప్పి చిక్కబరిచాను. 80 దగ్గర గీత అప్పుడు కనిపించింది. మీ జన్యువు ఏదో మీరు రాయలేదు. అది పొరలో ఉండేదా, స్రవించేదా, కేంద్రకంలోకి వెళ్లేదా, ట్యాగ్ ఏ చివర ఉంది, ఇవి చెప్పండి.

ఇవన్నీ సరిగా ఉండి ఇంకా పెంచాలనుకుంటే అప్పుడు కొన్ని మార్గాలు ఉన్నాయి. హెచ్‌ఈకే 293కు బదులు 293టీ కణాలు వాడటం వాటిలో నాకు ఎక్కువ నచ్చినది. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహమ్ చేసిన 293వ ప్రయోగంలో పుట్టిన కణాలు అసలైన 293. టీ రకంలో ఎస్‌వీ40 వైరస్‌కు చెందిన పెద్ద టీ యాంటిజెన్ కూడా ఉంటుంది. మీ ప్లాస్మిడ్‌లో ఎస్‌వీ40 ఆరిజిన్ (ప్రతులు తయారవడం మొదలయ్యే చోటు) ఉంటే, పీసీడీఎన్‌ఏ3.1 అనే ప్లాస్మిడ్‌లో ఉంది, కణం లోపలే దాని ప్రతులు పెరుగుతాయి. రెండోది, ట్రాన్స్‌ఫెక్షన్ అయిన మర్నాడు సోడియం బ్యూటిరేట్ కొన్ని మిల్లీమోలార్లు వేయడం. హిస్టోన్ల మీది ఎసిటైల్ గుంపులను తొలగించే ఎంజైములను అది అడ్డుకుంటుంది, డీఎన్‌ఏ చుట్టూ బిగువు సడలి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ వస్తుంది. ముక్కిపోయిన వెన్న వాసన వేస్తుంది, మూత గట్టిగా పెట్టండి. అయితే ఇది కణం సొంత జన్యువులను కూడా కదిలిస్తుంది. ప్రోటీన్ కావాలంటే వాడండి, జన్యు నియంత్రణ మీద నిర్ణయాలు తీసుకునే ప్రయోగమైతే వాడకండి.

డబ్బు సంగతి. లిపిడ్ రీఏజెంటు అయిపోయి, కొత్తది కొనలేని పరిస్థితి వస్తే పాలీఎథిలీన్‌ఇమీన్ ఉంది. 1995లో ఒక ఫ్రెంచ్ బృందం దీన్ని జన్యువులు పంపడానికి వాడి చూపింది. 25 కిలోడాల్టన్ల సరళ గొలుసు రకాన్ని మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కరిగించి, పీహెచ్ 7కు తెచ్చి, ఫిల్టర్ చేసి, చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి పెట్టుకోండి. బరువు లెక్కన డీఎన్‌ఏ ఒక వంతుకు ఇది మూడు వంతులతో మొదలుపెట్టండి. హెచ్‌ఈకే కణాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. ఒక్కసారి తయారు చేసిన సీసా నా జూనియర్లు ముగ్గురికి రెండేళ్లు వచ్చింది.

ఈ వారం మీరు చేయవలసినవి రెండే: ట్రాన్స్‌ఫెక్షన్ చేయని కణాల హోక్స్ట్ బొమ్మ, ప్లాస్మిడ్ మ్యాప్‌లో ఏటీజీకి ముందున్న పది అక్షరాలు. రెండూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.